ఇంగ్లీషు ఎట్లు పెరిగెను?

నేడు మన ఇండ్లలో ఇంగ్లీషును గూర్చి రెండు నమ్మకములు బలముగా నాటుకొని యున్నవి. ఆ భాష పుట్టుకతోడనే శాస్త్రములకును, న్యాయమునకును, రాజ్యవ్యవహారమునకును తగినదై యుండెననుట యొకటి. మన తెలుగు స్వభావముచేతనే అట్టి పనులకు తగదనుట రెండవది. మండపేటవంటి చిన్న పట్టణములందును, చుట్టుప్రక్కల పల్లెలందును బిడ్డను బడిలో చేర్చు తండ్రి ఈ రెండు నమ్మకములను ఆధారముగా చేసికొనియే ఆలోచించుచున్నాడు. పిల్లలకు ఇంగ్లీషు వలదని చెప్పుటకు మేము పూనుకొనలేదు. మేమును ఆ భాషను చదివి దానివలన మేలు పొందినవారమే. ఐనను పై నమ్మకములు రెండింటికిని ఇంగ్లీషు చరిత్రయే విరుద్ధముగా సాక్ష్యము పలుకుచున్నది. ఆ సాక్ష్యమును చదువరుల ముందుంచుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

బ్రిటను ద్వీపమునకు ఇంగ్లీషు వలస వచ్చిన భాష. రోమకులు క్రీ.శ. 410 ప్రాంతమున ఆ ద్వీపమును విడిచిన పిమ్మట, నేటి జర్మనీ, డెన్మార్కు తీరములనుండి ఆంగ్లులు, సాక్సనులు, జూటులు అను తెగలవారు ఓడలలో వచ్చి అచట నిలిచిరి. బీడు అను క్రైస్తవ సన్న్యాసి 731లో ముగించిన తన చరిత్రగ్రంథమున ఈ రాకను 449 ప్రాంతమునకు చెప్పెను. ఆంగ్లజాతి చరిత్రయే యైనను ఆతడు దానిని లాటినున వ్రాసెను. పాండిత్యమునకు లాటిను, ఇంటికి ఇంగ్లీషు అని నాటివారి ఏర్పాటు. ఆనాటి ఇంగ్లీషును నేటి ఇంగ్లీషువారు చదివి గ్రహింపలేరు. సంస్కృతము నేర్చినవారికో, దాని రూపము కొంత పరిచితముగానే తోచును. నామములకు మూడు లింగములును, విభక్తి ప్రత్యయములును ఉండెను. సర్వనామములకు ద్వివచనము సైతము ఉండెను. పితృ, మాతృ, భ్రాతృ శబ్దములు ఫాదర్, మదర్, బ్రదర్ శబ్దములకు జ్ఞాతులు. సంస్కృతమునకును గ్రీకు లాటిను భాషలకును గల చుట్టరికమును సర్ విలియం జోన్సు 1786లో కలకత్తాలో ప్రకటించెను. తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, దక్షిణదేశపు భాషలతో దానికి వేరొక కుటుంబము కలదనియు ఎల్లిసు దొర 1816లో నిరూపించెను. కాబట్టి వంశమునుబట్టి చూచినచో సంస్కృతమునకు దాయాది ఇంగ్లీషే గాని తెలుగు కాదు. వంశమును చూచి భాషకు పెద్దరికము కట్టువారు ఈ సంగతిని ఒకమారు తలచుకొనవలెను.

ఎనిమిదవ శతాబ్దాంతమున డేనులు, నార్వేవారు ఓడలపై వచ్చి ఆ దేశమును కొల్లగొట్టనారంభించిరి. క్రమముగా వారును అచటనే కాపురములుండిరి. 871 మొదలు 899 వరకు వెస్సెక్సు రాజ్యమును ఏలిన ఆల్ఫ్రెడు రాజు వారిని నిలువరించుటయే గాక, తన దేశమున లాటిను తెలిసినవారు అరుదైపోయిరని చింతించి, ప్రజలు ముఖ్యముగా ఎరుగవలసిన గ్రంథములను ఇంగ్లీషులోనికి మార్పించెను. ఇంగ్లీషు గద్యమునకు అది గట్టి పునాది. అటు డేనులును ఇంగ్లీషువారును ఇరుగుపొరుగువారై, పెండ్లిండ్లు చేసికొని, ఒకరి మాట నొకరు కలుపుకొనిరి. ఎగ్, స్కిన్, స్కై, విండో, హస్బెండ్, లా మొదలగునవి ఆ వచ్చినవారి మాటలే. వారు, వారిని, వారి అను అర్థములుగల దే, దెమ్, దెయిర్ అను సర్వనామములును అట్లు వచ్చినవే. సర్వనామమునే పొరుగువానినుండి ఎరువు తెచ్చుకొన్న భాషను శుద్ధభాష యని ఎవ్వరనగలరు?

తరువాత వచ్చిన దెబ్బ మిక్కిలి పెద్దది. 1066లో నార్మండీ ప్రభువైన విలియము హేస్టింగ్సు యుద్ధమున గెలిచి ఇంగ్లాండు సింహాసనమును ఎక్కెను. సభలో ఫ్రెంచి, దేవాలయమున లాటిను, పొలమునను వంటింటను ఇంగ్లీషు అయ్యెను. ఇచట మన గోదావరి తీరమును ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొనుట తగును. 1022లో రాజ్యమునకు వచ్చిన రాజరాజనరేంద్రుడు రాజమహేంద్రవరమున నన్నయభట్టుచేత మహాభారతమును తెలుగున చెప్పించుటకు ఆరంభించెను. తెలుగు రాజసభలో పీఠమెక్కిన తరమునందే ఇంగ్లీషు తన రాజసభనుండి దిగిపోయెను. ఆ కాలమున నిష్పక్షపాతియైన యాత్రికుడొకడు రెండు దేశములను చూచియుండినచో, ముందు వృద్ధికి వచ్చునది ఏ భాషయని చెప్పియుండును? ఇంగ్లీషని మాత్రము చెప్పియుండడు.

ఆ దాస్యకాలమున ఇంగ్లీషులో సుమారు 10,000 ఫ్రెంచి మాటలు చేరినవని పండితుల లెక్క. న్యాయము, పన్ను, సైన్యము, వస్త్రము, వంట, వీనికి సంబంధించిన మాటలు అందెక్కువ. కొట్టములోని జంతువునకు కౌ, షీప్, స్వైన్ అని ఇంగ్లీషు పేళ్లును, పళ్లెములోని మాంసమునకు బీఫ్, మటన్, పోర్క్ అని ఫ్రెంచినుండి వచ్చిన పేళ్లును నేటికిని నిలిచియున్నవి. పెంచువాని మాట ఒకటి, తినువాని మాట వేరొకటి. ఈ వింత మనకును లేకపోలేదు. కూలివాడు తిన్నది కూడు, గృహస్థు తిన్నది అన్నము, పెద్దలు చేసినది భోజనము. అచ్చతెలుగు మాట క్రిందికి దిగి, తెచ్చుకొన్న మాట పైకెక్కినది. నవాబుల ఏలుబడిలో కచేరి, వకీలు, దస్తావేజు, రసీదు, ఖైదు, జిల్లా అను మాటలు మన నాలుకలమీదికి వచ్చి స్థిరపడినవి. గోదావరి కాలువలతోపాటు లాకులు వచ్చినవి. పల్లెటూరి ముసలమ్మ రసీదు అడుగునప్పుడు తాను పారసీకము పలుకుచున్నాననియు, లాకులకడకు పోయి వచ్చితిననునప్పుడు ఇంగ్లీషు పలుకుచున్నాననియు ఎరుగదు. ఎరుగవలసిన పనియు లేదు. ఇచ్చుటయు కలదు. మన పొలములగట్లను తొలుచు పందికొక్కు ఇంగ్లీషు నిఘంటువులలో బ్యాండికూట్ అను పేర చేరి, అచటినుండి ఆస్ట్రేలియాకుపోయి మరియొక జంతువునకు పేరయ్యెను. మాటలు అప్పు తెచ్చుకొనుటచేత ఏ భాషయు చెడదు. తెచ్చుకొన్న మాటతో పని చేయించుకొనలేని భాషయే చెడును.

పోయిన పీఠమును ఇంగ్లీషు ఎట్లు తిరిగి సంపాదించెను? ఒక్క దినమున గాదు, ఒక్క శాసనముచేతను గాదు. 1204లో ఇంగ్లాండు రాజులు నార్మండీని పోగొట్టుకొనిరి. దానితో ప్రభువుల చూపు ద్వీపమువైపు తిరిగెను. 1362లో, ఫ్రెంచి ప్రజలకు తెలియదు గావున న్యాయస్థానములలో వాదములు ఇంగ్లీషున జరుగవలెనని పార్లమెంటు శాసనము చేసెను. ఆ శాసనమును మాత్రము ఫ్రెంచిలోనే వ్రాసికొనిరి! 1399లో నాలుగవ హెన్రీ కిరీటము తనదని పార్లమెంటులో ఇంగ్లీషున చెప్పుకొనెను. హేస్టింగ్సు యుద్ధమునకు అది 333 ఏండ్ల తరువాతి మాట. అయిదవ హెన్రీ 1417 మొదలు తన ఉత్తరములను ఇంగ్లీషున వ్రాయింపసాగెను. అది చూచి 1422లో లండను నగరమున సారాయి కాచువారి సంఘము, తమలో పలువురు ఇంగ్లీషు మాత్రమే చదువను వ్రాయను నేర్చినవారు గావున, తమ లెక్కలను తీర్మానములను ఇంగ్లీషుననే వ్రాసికొనవలెనని నిశ్చయించెను. మా దృష్టికి ఈ సంఘటన రాజశాసనములకంటె గొప్పది. రాజు ఉత్తరము వ్రాసినంతమాత్రమున భాష నిలువదు. వర్తకుడు తన లెక్క అందు వ్రాసికొన్ననాడే అది నిలుచును. న్యాయస్థానముల రికార్డులనుండి లాటినును ఫ్రెంచిని పూర్తిగా తొలగించు శాసనము 1731లో చేయబడి 1733లో అమలునకు వచ్చెను. మొదటి శాసనమునకును దీనికిని నడుమ మూడువందల డెబ్బది యేండ్లు గడచినవి.

1476లో విలియం కాక్స్టను వెస్టుమినిస్టరులో ముద్రణాలయమును నెలకొల్పెను. అంతట క్రొత్త చిక్కు పుట్టెను. ఏ జిల్లా ఇంగ్లీషును అచ్చువేయవలెను? ఆతడే 1490లో ఒక గ్రంథపీఠికయందు ఒక వింతను చెప్పెను. కొందరు వర్తకులు థేమ్సు నదిపై ఓడలో పోవుచు గాలి లేక నిలిచి, ఒడ్డునకు దిగి ఒక ఇల్లాలిని గ్రుడ్లు కావలెనని అడిగిరట. వర్తకుడు ఎగ్స్ అనెను. ఆమె తనకు ఫ్రెంచి రాదనెను. తనకును ఫ్రెంచి రాదని ఆతడు కోపగించుకొనెను. కడపట మరియొకడు ఎయిరెన్ అనగా, ఆమెకు తెలిసెను. రెండును ఇంగ్లీషు మాటలే. ఒకటి డేనులు తెచ్చినది, ఒకటి తొలినుండి యున్నది. గోదావరి జిల్లాలలో ఆనపకాయ యని మనము పలుకుదానిని రాయలసీమవారు సొరకాయ యందురు. ఏది నిజమైన తెలుగని తగవులాడువారు కాక్స్టను కథను చదువవలెను. ఆతడు తగవు తీర్చలేదు. లండను వాడుకను ఆధారముగా చేసికొని పుస్తకములు అచ్చువేసెను. చదువరులు పెరుగగా పెరుగగా ఒక ప్రమాణరూపము దానంతట అదియే ఏర్పడెను.

అచ్చు మేలుతోపాటు ఒక కీడునుగూడ చేసెను. 1400 మొదలు 1700 వరకు ఇంగ్లీషు అచ్చుల ఉచ్చారణ చాల మారెను. అక్షరక్రమమో, అచ్చుపుస్తకములలో ముందే గట్టిపడిపోయెను. నైట్ అను మాటను కకారముతో ఏల వ్రాయవలెనని బాలుడు అడుగును. ఒకప్పుడు ఆ కకారమును, నడిమి హల్లును నిజముగా పలుకబడినవి. పలుకు పోయి వ్రాత మిగిలెను. ఇంకొక వింత డెట్ అను మాటయందు కలదు. ఫ్రెంచినుండి వచ్చినప్పుడు దానియందు బకారము లేదు. లాటిను మూలమున బకారము కలదని చూపుటకై పండితులు వ్రాతలో దానిని చొప్పించిరి. పలుకుటకు మాత్రము ఎవ్వరును ఒప్పుకొనలేదు. నేటికిని మన పిల్లలు ఆ పాండిత్యమునకు సుంకము చెల్లించుచున్నారు. మన భాషయందును అరసున్న, బండి ఱ అట్టి చరిత్ర గలవే. ఏఁడు అనగా సంవత్సరము, ఏడు అనగా సంఖ్య యని వ్రాతలో భేదము నిలిచెను. నోట ఆ భేదము ఎన్నడో పోయెను. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున వీనికి విధులున్నవి. నేటి బడిపుస్తకములు అరసున్నను విడిచినవి. ఇంగ్లీషువారు విడువలేని బరువును కొంతవరకైనను మనము దింపుకొంటిమి.

పదునారవ శతాబ్దమునందును ఇంగ్లీషు పండితులకు తమ భాషపై నమ్మకము కుదురలేదు. లాటిను గ్రీకు మాటలను విరివిగా తెచ్చుకొనవలెనని కొందరు, అచ్చ ఇంగ్లీషు మాటలతోనే వ్రాయవలెనని జాన్ చీకు వంటివారు వాదులాడిరి. రిచర్డు మల్కాస్టరు అను బడిపంతులు 1582లో ప్రకటించిన గ్రంథమున, లాటినును గౌరవించుచునే, విద్య యంతయు మనభాషలో ఏల ఉండరాదని నిలదీసెను. తన భాష ఆ ద్వీపము దాటదనియు, ద్వీపమంతటను సైతము లేదనియు ఆతడే ఒప్పుకొనెను. నాడు ఇంగ్లీషు పలుకువారు అరకోటి ప్రాంతము. 2011 జనగణన ప్రకారము భారతదేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. 1626లో మరణించిన ఫ్రాన్సిసు బేకను, దేశభాషలలోని గ్రంథములు కాలాంతరమున చెల్లని నాణెములగునని భయపడి తన రచనలను లాటినులోనికి మార్పించుకొనెను. న్యూటను 1687లో తన ప్రధానగ్రంథమును లాటినున ప్రకటించెను. 1704లో కాంతిని గూర్చిన గ్రంథమును ఇంగ్లీషున ప్రకటించెను. ఒక్క మనుష్యుని జీవితకాలముననే శాస్త్రము లాటినునుండి ఇంగ్లీషులోనికి అడుగిడెను. అంతకుముందు 1604లో రాబర్టు కాడ్రీ యను మరియొక ఉపాధ్యాయుడు మొట్టమొదటి ఇంగ్లీషు నిఘంటువును, ముఖ్యముగా లాటిను నేర్వని స్త్రీల ఉపయోగమునకని చెప్పి, ప్రకటించెను. అందు మాటలు సుమారు 2,500 మాత్రమే. 1755లో జాన్సను ప్రకటించిన నిఘంటువున నలుబదివేలకు పైబడి యున్నవి. భాషను శాసించుటకు ఒక పండితపరిషత్తు కావలెనని 1712లో స్విఫ్టు కోరెను, అది ఏర్పడలేదు. ఏర్పడలేదని ఇంగ్లీషు చెడలేదు.

ఇచట రెండు సంగతులను వేరుచేయవలెను. భాషకు శక్తి వేరు, వ్యాప్తి వేరు. ఇంగ్లీషు ప్రపంచమంతట వ్యాపించుటకు కారణము దాని వ్యాకరణముగాని, మాటల సొంపుగాని కాదు. 1600లో ఏర్పడిన ఈస్టిండియా కంపెనీ, 1607లో అమెరికాలో నాటుకొన్న జేమ్సుటవును, ఓడలు, వర్తకము, సైన్యము, పిమ్మట అమెరికా సంపద, ఇవి కారణములు. మన దేశమున 1835 నాటి మెకాలే నివేదికయు, తరువాత ఉద్యోగములును దానిని నిలిపినవి. ఈ వ్యాప్తి ఒక జాతి కోరినంతమాత్రమున కలుగునది కాదు. శక్తి యట్లుకాదు. చట్టము, లెక్క, శాస్త్రము, ఆడుపిల్లల చదువు, వీనిని ఒక్కటొక్కటిగా అప్పగింపగా అప్పగింపగా ఇంగ్లీషునకు శక్తి కలిగెను. తగినదైన తరువాత పని ఇచ్చుట గాక, పని ఇచ్చిన తరువాత తగినదగుట జరిగెను.

ఈ సత్యమును మన గోదావరిసీమవారు ఎరుగనివారు కారు. సామినేని ముద్దునరసింహము నాయుడుగారి హితసూచని 1862లో వెలువడెను. లోకవ్యవహారమును గూర్చిన వ్యాసములను ఆయన అందు తెలుగు గద్యమున వ్రాసెను. కందుకూరి వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పి, ఆ యేటనే వివేకవర్ధనిని ఆరంభించిరి. 1883లో స్త్రీలకొరకు సతీహితబోధినిని ప్రకటించిరి. ఖగోళము, శరీరశాస్త్రము, జంతుశాస్త్రములను గూర్చియు తెలుగుననే వ్రాసిరి. తెలుగునకు పని అప్పగించుట యనగా ఇదియే. పిమ్మట బడుల పరీక్షాధికారియైన యేట్సు దొర, బాలురు ఆడుభాషకును చదువు పుస్తకముల భాషకును గల దూరమును చూచి పండితులను ప్రశ్నించెను. గిడుగు రామమూర్తిగారు ఆ ప్రశ్నను పట్టుకొని, స్వీట్, యెస్పర్సన్ మొదలగు పాశ్చాత్య భాషాశాస్త్రజ్ఞుల గ్రంథములను శోధించి, ఇంగ్లీషు వృద్ధియైన తీరునే మనకు ఉదాహరణముగా చూపిరి. గురజాడ అప్పారావుగారు 1914లో తమ అసమ్మతిపత్రమున ఆ పక్షమునే నిలిపిరి. జయంతి రామయ్యపంతులుగారు గ్రాంథికపక్షమున నిలిచి, 1911లో ఆంధ్రసాహిత్యపరిషత్తును స్థాపించి, సూర్యరాయాంధ్ర నిఘంటువువంటి మహాకార్యమునకు కారకులైరి. వారి సేవయు మరువరానిది. 1919లో, తమ జీవితపు చివరి నెలలలో, వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున వ్యావహారికభాషా సమాజమునకు అధ్యక్షులైరి. మేము ఈ వ్యాసమును పూర్వపు ఫక్కిలో వ్రాయుచున్నను, కాలము గిడుగువారి పక్షమున ఇచ్చిన తీర్పు న్యాయమైనదనియే మా అభిప్రాయము. వారు ఇంగ్లీషునుండి నేర్చినది ఇంగ్లీషున మాటలాడుట మాత్రమే గాదు. ఇంగ్లీషువారు తమ భాషయెడ చేసినపనిని మనము మన భాషయెడ చేయుట.

ఇక నేటి స్థితి. ఆంధ్రప్రదేశమున అధికారభాషా చట్టము 1966లో వచ్చెను. హైకోర్టు వ్యవహారము రాజ్యాంగముయొక్క 348వ అధికరణము ననుసరించి ఇంగ్లీషుననే నడచుచున్నది. 2019 నవంబరులో ప్రభుత్వము తన పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఆరవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమమును విధించెను. 2020 ఏప్రిలులో హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసెను. ఉత్తరువులు వచ్చుచుండును, పోవుచుండును. 1362కును 1733కును నడుమ గడచిన కాలమును తలచినవారు శాసనములు ఆలస్యమైనవని నిరాశపడరు. ఆ మూడువందల డెబ్బది యేండ్లలో ఇండ్లలోను, అంగళ్లలోను, బడులలోను ఇంగ్లీషు పని మానలేదు. మన భయము అచటనే యున్నది. తెలుగు కోర్టునకు ఇంకను పోలేదని గాదు. ఇంటిలెక్కనుండియు, ఉత్తరమునుండియు, బిడ్డ అడుగు ప్రశ్నకు ఇచ్చు జవాబునుండియు తొలగిపోవుచున్నదని. పోయిన రాజసభను ఇంగ్లీషు తిరిగి సంపాదించెను. వంటింటిని మాత్రము అది ఎన్నడును పోగొట్టుకొనలేదు.

కాబట్టి గృహస్థులకు మా మనవి చిన్నది. బిడ్డకు ఇంగ్లీషును చక్కగా నేర్పింపుడు. దాని వ్యాప్తి మనకు ఉపయోగము. ఐనను బడిలో ఇంగ్లీషున చదివిన పాఠమును, అది గ్రహణమైనను సరే, రక్తప్రసరణమైనను సరే, వడ్డీలెక్క యైనను సరే, రాత్రి భోజనమైన పిమ్మట తెలుగున చెప్పుమని అడుగుడు. మాట దొరకనిచోట ఇంగ్లీషు మాటనే వాడనిండు. లాకులును రసీదును అట్లే వచ్చినవి. తల్లి విని తెలియలేదన్నచో మరల చెప్పనిండు. అట్లు చెప్పగలిగిన బిడ్డకు పాఠమును వచ్చును, భాషయు వచ్చును. మన ధాన్యపు వర్తకులును, సహకారసంఘములవారును లండను సారాయి వర్తకులవలె తమ తీర్మానములను సభ్యులందరు చదువగల తెలుగున వ్రాసికొందురుగాక. దీనికి ఏ ప్రభుత్వపు ఉత్తరువును అక్కరలేదు.